సీతారామారావు అడగని ప్రశ్న

మనిషి ఎందుకు బతకాలి, ఎలా బతకాలి అన్న ప్రశ్నను మనం వేదాంతులకు వదిలేశాం. ఎవరైనా అడిగితే వ్యక్తివాది అంటాం. లేదా ‘సమాజం కోసం బతకాలి’ అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పి పంపేస్తాం. ఇరవయ్యేళ్లుగా తెలుగు పాఠం చెబుతూ నేనూ ఆ జవాబే చెబుతూ వచ్చాను. అది చాలదని నాకు తెలియజెప్పింది ఒక నవల, దాన్ని చదివిన ఒక కుర్రవాడు.

ఆ నవల త్రిపురనేని గోపీచంద్ (1910–1962) ‘అసమర్థుని జీవయాత్ర’. 1940 దశకంలో వచ్చిన ఈ రచనను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా చెబుతారు. గోపీచంద్ దీన్ని తన తండ్రి, హేతువాది రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు, ప్రశ్నించడం నేర్పినందుకు. ‘సూతపురాణం’తో పురాణాలను నిలదీసిన ఆ తండ్రి చేతిలో ‘ఎందుకు’ అన్న మాట ఒక పనిముట్టు. అదే మాట కథానాయకుడు సీతారామారావు చేతిలో తన గొంతు తానే కోసుకునే కత్తి అయింది. ఇలా ఎందుకు జరిగిందన్నదే విమర్శకుడు తేల్చవలసిన విషయం.

సీతారామారావు కలిగినింటి బిడ్డ. తండ్రి చనిపోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పిపోతాడు. కొడుకు ఆ మాటను తలకెత్తుకుని ఆస్తిని కరగబెడతాడు. ఆస్తి పోయాక కష్టపడి బతకడం నామోషీ. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు: ప్రేమ ఎందుకు, సంసారం ఎందుకు, అసలు బతుకెందుకు? రామయ్య తాత చెప్పిన మంచి మాటలు చెవికెక్కవు. భార్యాబిడ్డలను హింసించి, మతి చెడి, చివరికి శ్మశానంలో చస్తాడు. తనను సమాజం నుంచి విడదీసుకున్నవాడి గతి ఇదేనని నేను తరగతిలో ముగించేవాణ్ణి.

మా బడిలో పదోతరగతి చదివి, పట్నంలో కోచింగుకు వెళ్లిన ఒక కుర్రవాడు సెలవుల్లో వచ్చాడు. “మా నాన్న పరువు కోసం చదువుతున్నాను మాస్టారూ, నా కోసం ఏముంది?” అన్నాడు. అతని ఫీజు కోసం తండ్రి అరెకరం తాకట్టు పెట్టాడు. జవాబు తోచక ఈ నవల చేతికిచ్చాను. వారం తర్వాత తిరిగొచ్చి ఒకే మాట అడిగాడు: “ఇన్ని ఎందుకులు అడిగినవాడు, వంశప్రతిష్ఠ ఎందుకని ముందే ఎందుకు అడగలేదు మాస్టారూ?”

ఈ ప్రశ్న నాకు ఇరవయ్యేళ్లలో తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. మా నాన్న పోయినప్పుడు, ఇంటి పేరు పోకూడదని పెద్దకర్మకు ఊరందరికీ భోజనాలు పెట్టాను. ఆ అప్పు తీర్చడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ సభల్లో హేతువాదం మీద ఉపన్యాసాలిస్తూనే ఉన్నాను.

వంశప్రతిష్ఠ అనేది ఆస్తి తన రక్షణ కోసం కల్పించుకున్న విలువ. భూమి చేజారినా ఆ విలువ మనసులో మిగిలిపోవడమే సీతారామారావు విషాదానికి మూలం. అతని తప్పు ప్రశ్నించడం కాదు, ప్రశ్నను తప్పుడు చోట మొదలుపెట్టడం. తన నెత్తిన ఎవరు ఏ బరువు పెట్టారో చూడకుండా బతుకునే నిలదీశాడు. మొదటి ప్రశ్న సరైన చోట వేసి ఉంటే, కూలి చేసుకు బతకడంలో నామోషీ ఏమిటన్న రెండో ప్రశ్న దానంతట అదే వచ్చేది. ఆ రెండో ప్రశ్న అతన్ని పనిలోకి, పనిచేసే పదిమందిలోకి నడిపించేది.

మన అభ్యుదయ శిబిరం కూడా ఆలోచించవలసింది ఇక్కడే. ‘సమాజం కోసం బతుకు’ అన్న మాటను ప్రశ్నకు తావు లేకుండా కుర్రవాళ్ల నెత్తిన పెడితే, అదీ మరణశయ్య మీది ఆజ్ఞే అవుతుంది. బతుక్కి అర్థం ఒకరు ఇచ్చేది కాదు, ఒంటరిగా కూర్చుని వెతికితే దొరికేదీ కాదు. మోస్తున్న బరువుల్లో ఏది తనది, ఏది కాదని తేల్చుకుంటూ, పదిమందితో కలిసి పని చేస్తూ ఏర్పరచుకునేది.

ఆ కుర్రవాడు కోచింగు మానలేదు. కానీ తాకట్టు సంగతి తండ్రితో మొదటిసారి కూర్చుని మాట్లాడాడట. నేను ఇంకా మా ఇంట్లో ఆ పెద్దకర్మ సంగతి ఎత్తలేదు.