తెల్లని చట్రముపై రంగు మరక: అపోహలు – వాస్తవాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దసరాకు ముందు ఇండ్లకు రంగులు వేయించు ఆచారము పాతదే గాని, ఆ పని ముగిసిన మరునాడు తెల్లని యూపీవీసీ కిటికీల యొద్ద ఇల్లాలును పెయింటరును వాదులాడుకొనుట మాత్రము ఇటీవల పుట్టినది. గల్ఫు దేశములకు పోయి రెక్కలు ముక్కలు చేసికొన్నవారు పంపిన డబ్బుతో లేచిన మేడలలో టేకు కిటికీల స్థానమును ఈ ప్లాస్టిక్ చట్రములు క్రమముగా ఆక్రమించినవి. అమెరికాలోని మనవారు వినైల్ కిటికీలనునవియు ఇవియే. గోడకు వేసిన ఎమల్షను వీనిపై చుక్కలు చుక్కలుగా పడును. గ్రిల్లుకు వేసిన ఎనామిలు కుంచె జారి చారగా అంటును. లప్పము మూలలలో చేరి గట్టిపడును. "ఏం కాదమ్మా, థిన్నర్‌తోని ఒక్కసారి తుడిస్తే పోతది" అని పెయింటరు ధైర్యము చెప్పును. అపోహలన్నిటిలో ఖరీదైనది ఈ ధైర్యమే.

థిన్నరు రంగును కరగించుననుట నిజమే. అయితే అది రంగుతో ఆగదు. కర్రకును ఇనుమునకును దానివలన చెప్పుకోదగిన హాని లేదు గనుక, ఆ రెండింటిపైననే పని నేర్చిన చేతికి, అడుగుననున్న వస్తువు కూడ కరగవచ్చునను శంక కలుగదు. యూపీవీసీ యనగా మెత్తదనమునిచ్చు ద్రవ్యములు చేర్చని పాలీవినైల్ క్లోరైడు. పొలములో పాతు పీవీసీ నీళ్ల పైపును ఈ చట్రమును ఒక్క జాతివే. ఆ పైపులను అతుకు సొల్యూషను ఎట్లు పనిచేయునో రైతులు నిత్యము చూచుచునే యున్నారు: అది కేవలము జిగురుగా నడుమ నిలుచుట గాక, రెండు పైపుల ఉపరితలములను మెత్తబరచి ఒకదానిలో నొకటి కలిసిపోవునట్లు చేయును. ఆ సొల్యూషనులోని కీటోను జాతి ద్రావకములకు, ఎన్‌సీ థిన్నరులో కలిసియుండు అసిటోను, టోలుయీను మొదలగువానికిని ఈ విషయమున గుణభేదము స్వల్పము. కావున థిన్నరులో ముంచిన గుడ్డతో రుద్దినప్పుడు చట్రము పైపొర జిగటయై, కరగిన రంగు ఆ జిగటలోనికి దిగి, ఆరిన పిమ్మట ఎంత కడిగినను వదలని నీడగా మిగిలిపోవును. గోళ్ల రంగు తుడుచు అసిటోను, రంగునూడదీయుటకు అమ్ము డైక్లోరోమీథేను రిమూవరు కూడ ఇట్టివే. కర్రవలె కనబడుటకై పలుచని పొర అంటించిన గోధుమరంగు చట్రములపై నైతే వీనిని ఒక్క చుక్కయు వాడరాదు.

"పాత మరక లోపలికి ఇంకిపోయినది, ఇక రాదు" అనుమాట పై అపోహకు తోబుట్టువు. కర్ర రంగును పీల్చును. సున్నపు గోడ పీల్చును. నునుపైన యూపీవీసీకి ఆ గుణము లేదు. ప్రైమరు లేక దానిపై పడిన రంగు పట్టు దొరకక పైపైననే నిలిచియుండును. మరకను ఊడదీయవలసినవారికి ఈ బలహీనతయే బలము. అయితే పడినది ఏ రంగో ముందు తెలిసికొనవలెను. నీటితో కలుపు ఎమల్షనైనచో, గోరువెచ్చని సబ్బునీటిలో తడిపిన గుడ్డను మరకపై పావుగంట యుంచి, పాత ఏటీఎం కార్డు అంచును వాల్చి నెట్టినయెడల, పొర అంచు మొదట ముడుతపడి, పిమ్మట సన్నని తొక్కవలె లేచివచ్చును. మొండికేసిన చోట మందుల దుకాణములో దొరకు సర్జికల్ స్పిరిటు గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని దూదితో అద్దవలెను. ఆల్కహాలునకు ఎండిన ఎమల్షను మెత్తబడును, కొద్దిసేపటి స్పర్శచే తెల్లని చట్రమునకు హాని కలుగదు. ముందు కనబడని మూలలో పరీక్షించుటయు, సమీపమున నిప్పు లేకుండ చూచుటయు మరువరాదు. సిరిసిల్ల మరమగ్గముల ఊరు గనుక గుడ్డపేలికలకు అచ్చట కొదవ లేదు గాని, పాలిస్టరు పేలిక నీటిని పీల్చదు. ఈ పనికి పాత నూలు పంచె ముక్కయే తగినది.

ఎనామిలు సంగతి వేరు. అది ఆరుటయనగా అందలి ద్రావకము ఎగిరిపోవుట మాత్రమే కాదు. గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టి పొరగా మారుట. అందుచేత పచ్చిగా నున్నప్పుడు టర్పెంటైనుతో కొద్దిగా తడిపిన గుడ్డకు లొంగు మరక, నెలలు గడచిన పిదప అదే టర్పెంటైనునకు లొంగదు. అప్పుడు ద్రావకమును నమ్ముటకంటె అంచును నమ్ముట మేలు: ప్లాస్టిక్ గీకుడుబిళ్లతో ఓపికగా నెట్టినచో పెచ్చులుగా రాలును. కిరోసిను, పెట్రోలు తెచ్చి రుద్దువారు చట్రమును చూతురు గాని, అద్దము చుట్టునున్న నల్లని రబ్బరు పట్టీని చూడరు. ఆ నూనెలను త్రాగి అది ఉబ్బి సాగిపోయిన పిమ్మట వానజల్లు లోనికి వచ్చును.

స్టీలు పీచు, గరుకు కాగితము, బ్లేడు అను మూడింటిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి రంగుతోపాటు చట్రము నిగనిగను కూడ తీసివేయును. ఆ గీతలలో ధూళి చేరి కిటికీ నిత్యము మాసినట్లే కనబడును. పైగా పాత ఎనామిలును పొడిగా గీకి దుమ్ము రేపుట ఆరోగ్యమునకును మంచిది కాదు: గృహావసరపు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున అమలులోనికి వచ్చినది 2017 నవంబరులో మాత్రమే.

లప్పము, సున్నము విషయమున యాసిడే శరణ్యమని మరికొందరి నమ్మకము. మరుగుదొడ్డి యాసిడు చట్రమును కరగించదు, నిజమే. కాని దాని ఆవిరి తాళములను, స్క్రూలను, సందుల ద్వారా లోనికి దిగినచో చట్రము నడుమ బలమునకై పెట్టిన ఇనుప పట్టెను తుప్పుపట్టించును. సున్నపు చుక్కకు వెనిగారు గాని నిమ్మరసము గాని చాలును. వేసిన క్షణమున సన్నగా బుడగలు లేచి చుక్క గుల్లబారుట కంటికి కనబడును. లప్పము అంత సులువుగా కరగదు, దానిని బాగుగా నానబెట్టి నెట్టవలెను. మరుగునీరు మాత్రము ఎక్కడను పోయరాదు, హీట్‌గన్ను దరికి తేరాదు. యూపీవీసీ సుమారు 80 డిగ్రీల వద్దనే మెత్తబడనారంభించును.

విసిగిపోయి, "చట్రమంతయు ఒక ముదురు రంగు ఎనామిలు వేసిన పీడ విరగడయగును" అనువారును కలరు. టేకు కిటికీకి రంగు రక్ష. దీనికి రక్ష దానిలోనే కలిసియున్న టైటానియం డయాక్సైడు. వేసవిలో 45 డిగ్రీలు దాటు జగిత్యాల ఎండలో ముదురు రంగు వేడిని మిక్కిలిగా గ్రహించును; 30 డిగ్రీల వేడి పెరిగిన, మీటరు పొడవునకు ఈ చట్రము సుమారు 2 మిల్లీమీటర్లు సాగును. ఆ సాగుడునకు పైనున్న గట్టి ఎనామిలు పగులును, జారుడు రెక్కలు బిగుసుకొనును.

ఇక మిగిలినది చట్రముతో వచ్చు పలుచని ప్లాస్టిక్ కాగితము. గృహప్రవేశము వరకు దానిని తీయకున్న మరక పడదని అందరును నమ్ముదురు. నమ్మకమున తప్పు లేదు, కాలమున నున్నది. దుబాయిలోనున్న కొడుకునకు సెలవు దొరకునంతవరకు గృహప్రవేశము ఒకటి రెండేండ్లు వాయిదా పడుట కోరుట్లలో వింత కాదు. అంతకాలము ఎండకు కాగిన ఆ కాగితము పెళుసై ముక్కలగును, దాని జిగురు చట్రమునకు కరచుకొనును. కొద్ది నెలలలోనే దానిని తీసివేసి, రంగులు వేయునాడు కొత్తగా టేపును, దినపత్రికను అంటించి, ఆ సాయంకాలమే ఊడదీయుట మేలు. ఇప్పటికే కరచుకొన్నదైనచో గోరువెచ్చని నీటి గుడ్డతో మెత్తబరచి, ఒక మూల నుండి నెమ్మదిగా వెనుకకు మడచుచు లాగి, మిగిలిన జిగురును స్పిరిటు అద్దిన దూదితో తుడిచి, సబ్బునీటితో కడుగవలెను.