ఇంట్లో తెలుగు వ్యాకరణం: బిడ్డ తనంతట తాను చదువుకోగల పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా?

మన కుటుంబాలలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని బడిలో తెలుగు చదవరు. కర్ణాటకలో కన్నడం, తమిళనాడులో తమిళం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ, వాటికి తోడు ఇంగ్లీషు వారి బడి భాషలు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. బడికి పంపకుండా ఇంటివద్దే చదివించే కుటుంబాలూ ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ఈ ఇళ్లన్నిటిలోనూ 4, 5 తరగతుల ఈడు పిల్లలకు, అంటే 9 నుంచి 11 ఏళ్లవారికి, తెలుగు వ్యాకరణం నేర్పించే బాధ్యత తల్లిదండ్రులదే.

చిక్కు ఇక్కడే ఉంది. తల్లిదండ్రులలో కొందరికి తెలుగు లిపి రాదు. లిపి వచ్చినవారికి తీరిక ఉండదు. యానాం వంటి చోట లిపి సమస్య తక్కువే అయినా తీరిక సమస్య అక్కడా ఉంటుంది. కనుక ప్రక్కన కూర్చుని చెప్పే అవసరం అంతగా లేని పుస్తకం కావాలి. అయితే పర్యవేక్షణ తక్కువ అంటే అసలు లేకపోవడం కాదు. ఏడాది పొడవునా బిడ్డ ఖాళీలు పూరించినా ఎవరూ చూడకపోతే తప్పులే అలవాటవుతాయి. అందుచేత పుస్తకం ఎంచేటప్పుడు ముఖ్యంగా చూడవలసినది ఒక్కటే: తన తప్పును తానే కనిపెట్టుకునే వీలు బిడ్డకు ఆ పుస్తకం కల్పిస్తున్నదా?

ముందుగా బడి భాషను గమనించండి

ఒకే పుస్తకం అన్ని రాష్ట్రాల మన పిల్లలకూ సరిపోదు. బిడ్డ చదివే భాషను బట్టి తడబడే చోటు మారుతుంది.

తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ, ప, బ లకూ అంతే. తమిళంలో చదివే బిడ్డకు కాలి-గాలి, తాత-దాత, పడి-బడి వంటి జంటలతో తొలి పాఠాలు గట్టిగా ఉండాలి.

మరాఠీ రాసే దేవనాగరిలోనూ, ఒడియా లిపిలోనూ ఎ, ఏ లకు వేర్వేరు గుర్తులు లేవు; ఒ, ఓ లకూ లేవు. ఆ పిల్లలకు మెడ-మేడ, కొన-కోన వంటి మాటలలో పొరపాటు వస్తుంది. మరాఠీలో తలుపు, కుర్చీ, పుస్తకం వంటి వస్తువులకూ పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం అనే తేడాలున్నాయి. తెలుగులో ఆ బెడద లేదు. ఈ సంగతి ముందే చెబితే బిడ్డకు భయం పోతుంది.

కన్నడ లిపి మన లిపికి దగ్గర బంధువు. కన్నడం చదివే బిడ్డకు అక్షరాల కోసం ఎక్కువ రోజులు అక్కరలేదు. కాని క్రియల దగ్గర తేడా ఉంది. కన్నడంలో ‘అవళు బందళు’, తమిళంలో ‘అవళ్ వందాళ్’ అని స్త్రీకి వేరే క్రియారూపం ఉంది. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెంటికీ ఒకటే రూపం. ఎక్కువమంది అయితే మాత్రం స్త్రీలూ పురుషులూ ‘వచ్చారు’, బస్సులు ‘వచ్చాయి’. ఈ విషయాన్ని విడమరచి చెప్పే పాఠం ఉన్నదో లేదో చూడండి.

పుస్తకంలో ఉండవలసినవి

1. ఒక పాఠానికి ఒకే నియమం. 15, 20 నిమిషాలలో ముగియాలి. వివరణ ఉపాధ్యాయునికి కాక బిడ్డకే చెబుతున్నట్లు ఉండాలి. ప్రతి అభ్యాసానికీ ముందు ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపాలి.

2. జవాబులు వేరుగా ఉండాలి. చివరి పేజీలలో ఉంటే మంచిది. పాఠం ముగిశాక బిడ్డ వేరే రంగు సిరాతో తానే దిద్దుకోవాలి.

3. నేర్చినది మళ్లీ మళ్లీ రావాలి. ఈ వారం నేర్చిన విభక్తి వచ్చే వారమూ, తరువాతి నెలలోనూ అభ్యాసాలలో కనబడాలి.

4. ఖాళీలు పూరించడంతో సరిపెట్టకూడదు. ప్రతి పాఠంలో సొంతంగా రెండు మూడు వాక్యాలు రాయించాలి.

5. వరుస సక్రమంగా ఉండాలి. ముందు వర్ణమాల, ఒత్తులు. తరువాత నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ. ఆపైన లింగ వచనాలు, కాలాలు, విభక్తులు, వాక్య భేదాలు. సంధులు చివరన. ‘డు, ము, వు, లు’ అని వల్లె వేయించడంతో విభక్తులు మొదలుపెట్టే పుస్తకం ఈ వయసుకు తగదు. ఇల్లు-ఇంటికి, చెయ్యి-చేతికి, కాలు-కాలికి అని బిడ్డ నోట ఇప్పటికే ఉన్న మాటలతో మొదలుపెట్టి నియమం వైపు నడిపించాలి. సంధి కూడా అంతే. ‘ఏమన్నాడు’ అని రోజూ అనే బిడ్డకు అది ‘ఏమి + అన్నాడు’ అని చూపిస్తే చాలు.

దొరికే పుస్తకాల సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల తెలుగు పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తాయి. పాఠం తరువాత భాషాంశాల అభ్యాసాలు ఉంటాయి. భాష నేటిది, వరుస బాగుంటుంది. కాని అవి తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పడానికి రాసినవి, జవాబులు ఉండవు. వాటిని వాడదలచినవారు తెలుగు తెలిసిన ఒకరిచేత, విశ్రాంత ఉపాధ్యాయులైతే మరీ మంచిది, ఏడాదికి సరిపడే జవాబులు ఒకేసారి రాయించి పెట్టుకోవాలి. ఆ కొద్ది గంటల సాయం ఏడాదంతా పనికివస్తుంది.

పేరు చూసి చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ కొనకండి. 1858లో వెలువడిన ఆ గ్రంథం గ్రాంథిక భాషకు ప్రామాణికమైనది గాని పదేళ్ల పిల్లలకు ఉద్దేశించినది కాదు. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడుగా పనిచేశారు. మన పిల్లలకూ ముందు వాడుక భాష వ్యాకరణమే కావాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన తల్లిదండ్రులు తమ సందేహాలు తీర్చుకోవడానికి భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం చూడవచ్చు. అది పెద్దలకే.

కొనే ముందు చిన్న పరీక్ష

పుస్తకంలో ఒక పాఠం బిడ్డకిచ్చి మీరు ప్రక్క గదిలోకి వెళ్లండి. ముగిశాక మూడు విషయాలు చూడండి. ఏమి చేయాలో అడగకుండానే తెలిసిందా? జవాబులతో పోల్చి తన తప్పును తానే గుర్తించిందా? మరునాడు పుస్తకం తెరవకుండా ఆ నియమంతో రెండు కొత్త వాక్యాలు చెప్పగలిగిందా? మూడింటిలో రెంటికి ‘లేదు’ అని వస్తే ఆ పుస్తకం ఎంత పేరున్నదైనా మీ ఇంటికి కాదు.

లిపి రాని తల్లిదండ్రులు ఏమి చేయగలరు?

ఎంతో చేయగలరు. లిపి రాకపోయినా చెవికి తెలుగు వచ్చు. వారానికి ఒకరోజు, 20 నిమిషాలు, బిడ్డ రాసిన వాక్యాలను బిగ్గరగా చదివించుకుని వినండి. ‘పుస్తకాలు పడిపోయింది’ అంటే అవ్వకైనా, తాతకైనా వెంటనే తెలిసిపోతుంది. ‘మనం ఇలా అంటామా?’ అని అడగండి చాలు; సరిదిద్దే పని బిడ్డకే వదలండి.

ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్లలోని తెలుగు తరతరాలుగా వేరే ఊళ్లలో పెరిగిన తెలుగు. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే ఇంట్లో ‘వచ్చినాడు’ అనవచ్చు. అది తప్పు కాదు, యాస. నోటుపుస్తకంలో ‘మా ఇంటి మాట’, ‘పుస్తకం మాట’ అని రెండు గళ్లు గీయించండి. పరీక్షలో రెండోది రాస్తే చాలు, మొదటిదాన్ని మరవనక్కరలేదు. ఇంటి మాటను తప్పని కొట్టివేస్తే బిడ్డ అవ్వతో తెలుగు మాట్లాడడమే మానుకునే ప్రమాదం ఉంది.

ముందుచూపు

వారానికి నాలుగు రోజులు పాఠం, ఒకరోజు చదివి వినిపించడం. ఇంతకు మించిన ప్రణాళిక ఈ వయసుకు అక్కరలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ వారి సెకండరీ కోర్సులో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది. ఆ కోర్సుకు కనీస వయసు 14 ఏళ్లు. ఇంటివద్ద చదివే బిడ్డ పదో తరగతి స్థాయిలో తెలుగు తీసుకోవాలంటే వాక్య నిర్మాణం, విభక్తులు, కాలాలు 11, 12 ఏళ్లకే గట్టిపడి ఉండాలి. ఆ వయసు దాటాక గణితం, సైన్సు ముందుకు వస్తాయి, తెలుగు వెనుకబడుతుంది.

మాట ఉండి రాత పోయిన ఇంట్లో తరువాతి తరానికి మాట కూడా పలచబడుతుంది. తల్లిదండ్రులు పండితులు కానక్కరలేదు. తగిన పుస్తకం ఒకటి ఎంచి, వారానికి ఒక్కసారి శ్రద్ధగా వింటే బిడ్డ తానే నడుస్తుంది.