చేత్తో చేయించే గిటార్: బయానా ఇచ్చే ముందు తేల్చుకోవాల్సినవి

లక్సెట్టిపేట: మంచం చేయించడం మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. వడ్రంగి దగ్గరికి పోతారు, టేకా వేపా అని మాట్లాడుకుంటారు, బయానా ఇస్తారు. నెలకో రెండు నెలలకో మంచం ఇంటికొస్తుంది. కోడు వంకరగా ఉంటే అదే వడ్రంగిని పిలిపించి సరిచేయించుకుంటారు.

అదే ఇంట్లో అబ్బాయి “దుకాణంలో గిటార్ వద్దు అబ్బా, చేత్తో చేయించుకుంటా” అంటే సంగతి వేరు. చేసే కారీగర్ ఏ బెంగళూరులోనో ఉంటాడు. మొహం చూడకుండానే ఫోన్‌లో వేల రూపాయలు పంపాలి. వస్తువు చేతికి రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఈ లోపల ఇంట్లో వాళ్లందరిదీ ఒకటే రంది: పైసలు పోతాయా, వస్తువు వస్తుందా?

వాయిద్యాల మీద ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ సంగతి ఎవరి ఇంట్లో వాళ్లు తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకునేది. చేయించుకోవాలని నిర్ణయించుకున్న కుటుంబం మోసపోకుండా, గొడవ పడకుండా ఎట్లా చేయించుకోవాలన్నదే ఇక్కడి విషయం.

లూథియర్ అంటే ఎవరు?

గిటార్, వయొలిన్ లాంటి తీగల వాయిద్యాలు చేత్తో తయారుచేసే కారీగర్‌ను లూథియర్ అంటారు. ఫ్రెంచి మాటే కానీ మూలం మనకు తెలిసిందే. అరబ్బీలో ‘అల్ ఊద్’ అంటే చెక్క, ఆ పేరుతోనే ఒక వాయిద్యం కూడా ఉంది. స్పెయిన్ మీదుగా యూరప్ చేరిన ఊద్ అక్కడ ‘ల్యూట్’ అయింది. దాన్ని చేసేవాడు లూథియర్ అయ్యాడు.

ఈ పని మన దేశానికీ కొత్త కాదు. మహారాష్ట్రలోని మిరజ్‌లో ఒకప్పుడు ఆయుధాలు చేసిన షికల్గర్ ముస్లిం కుటుంబాలు తరతరాలుగా సితార్లు, తంబూరాలు చేస్తున్నాయి. మిరజ్ సితార్‌కు, మిరజ్ తంబూరాకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆంధ్రలో బొబ్బిలి వీణకు కూడా ఆ గుర్తింపు ఉంది, దాన్ని పనస చెక్కతో చేస్తారు. గిటార్ కారీగర్లు మాత్రం దేశంలో తక్కువ. అందుకే వాళ్ల దగ్గర వరుస పొడుగు, ధర ఎక్కువ.

మన టేకు పనికిరాదా?

జన్నారం అడవుల టేకు పేరు తెలియని వాళ్లుండరు. “మంచి టేకు మేమే పంపుతాం, ధర తగ్గించు” అని అడగాలనిపించడం సహజమే. కానీ గిటార్ ముందు పలకకు టేకు వాడరు. తీగ కదిలినప్పుడు ఆ పలక కూడా కదలాలి, శబ్దం దాంట్లోంచే వస్తుంది. అందుకే తేలికగా, గట్టిగా ఉండే స్ప్రూస్, సెడార్ చెక్కలను సుమారు 3 మిల్లీమీటర్ల మందానికి చెక్కుతారు. టేకు బరువెక్కువ, పైగా నూనె గుణం వల్ల జిగురు సరిగా పట్టదు.

వెనక పలకకు, పక్కలకు పేరున్న చెక్క మన దేశానిదే. రోజ్‌వుడ్, తెలుగులో జిట్రేగి. ప్రపంచంలోని పెద్ద గిటార్ కంపెనీలు కూడా దీన్ని వాడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. 2017 జనవరి నుంచి ఈ జాతి కలప మొత్తం ‘సైటీస్’ అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. 2019లో పూర్తిగా తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం 1992 నుంచీ ఉన్న కఠిన నిషేధమే నడుస్తోంది. గిటార్‌తో గల్ఫ్‌కో అమెరికాకో పోయే ఆలోచన ఉంటే ఆ చెక్క జోలికి పోవద్దు. ఏ చెక్క వాడారో బిల్లు మీద పేరుతో సహా రాయించుకోవాలి.

మన ఎండ సంగతి ముందే చెప్పాలి

మంచిర్యాల, రామగుండం వైపు ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది. గాలిలో తేమ ఉండదు. వానాకాలం వచ్చిందంటే తలుపులే ఉబ్బి పట్టేస్తాయి. 3 మిల్లీమీటర్ల పలక సంగతి చెప్పాల్నా? పొడి గాలికి కుంచించుకుపోయి పగులుతుంది, తేమకు ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. స్టీల్ తీగలు పలకను లాగే బలం 70 కిలోల పైమాటే.

గిటార్‌కు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ మంచిది. అందుకే గిటార్ ఏ ఊర్లో ఉండబోతుందో కారీగర్‌కు ముందే చెప్పాలి. గట్టి పెట్టె కూడా ఆర్డర్‌లోనే కలపాలి. కూలర్ ఎదురుగా, కిటికీ పక్కన గోడకు వేలాడదీయొద్దు.

కాగితం మీద ఏమేం ఉండాలి?

“మంచి గిటార్ చేసి పంపు” అన్నది ఆర్డర్ కాదు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. వాట్సాప్‌లో అయినా సరే, కిందివి రాతలో ఉండాలి:

• నైలాన్ తీగలా, స్టీల్ తీగలా. రెండింటి నిర్మాణం వేరు, తర్వాత మార్చలేరు.
• మెడ వెడల్పు. స్టీల్ తీగల గిటార్‌కు 43 నుంచి 45 మిల్లీమీటర్లు, క్లాసికల్‌కు దాదాపు 52. చిన్న చేతులకు ఈ తేడా చాలా పెద్దది.
• కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా.
• ఏ భాగానికి ఏ చెక్క, ఎలాంటి పాలిష్.
• మొత్తం ధర. పెట్టె, రవాణా, జీఎస్టీ అందులోనేనా, విడిగానా.
• ఇచ్చే తేదీ, ఆలస్యమైతే ఏం చేస్తారన్నది.
• దారిలో విరిగితే నష్టం ఎవరిది, బీమా ఎవరు కడతారు.
• పగుళ్లకు, మెడ వంగడానికి ఎన్నేళ్ల గ్యారంటీ.

పైసలు ఒకేసారి ఇవ్వొద్దు

ధర 90 వేలు అనుకుందాం. వివరాలన్నీ రాతలో తేలినప్పుడు 30 శాతం, అంటే 27 వేలు. పెట్టె భాగం కట్టి ఫొటోలు, వీడియో పంపినప్పుడు 40 శాతం, 36 వేలు. వాయించి చూసుకున్నాక మిగతా 27 వేలు. పని నడుస్తున్నకొద్దీ డబ్బు నడుస్తుంది. కారీగర్‌కు చెక్క కొనేందుకు చేతిలో పైసలుంటాయి, కొనేవాళ్లకు ధైర్యం ఉంటుంది. ప్రతి వాయిదా బ్యాంకు ద్వారానే పంపి రసీదు తీసుకోవాలి. మధ్యలో ఆర్డర్ రద్దయితే బయానాలో ఎంత తిరిగి వస్తుందో ముందే రాసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఫిఖ్‌లో దీనికి పేరుంది

ఇంకా తయారు కాని వస్తువును వివరాలు చెప్పి చేయించుకునే ఒప్పందాన్ని ఫిఖ్‌లో ‘ఇస్తిస్నా’ అంటారు. లేని వస్తువును అమ్మకూడదన్నది సాధారణ నియమం. జనం అవసరం, వాడుక చూసి హనఫీ ఫుఖహా దీనికి అనుమతి ఇచ్చారు. ముఖ్యమైన షరతు: వస్తువు వివరం, ధర స్పష్టంగా ఉండాలి. ‘సలమ్’ ఒప్పందంలో డబ్బు మొత్తం ముందే ఇవ్వాలి, ఇస్తిస్నాలో వాయిదాల్లో ఇవ్వొచ్చు. చెప్పిన వివరాలకు సరిపోయేలా చేసి తెస్తే కొనేవాడు వెనక్కి తగ్గరాదన్నది ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. ఒట్టోమన్ల ‘మజల్లా’ చట్టం ఈ అభిప్రాయాన్నే తీసుకుంది. అంటే రాత కారీగర్‌ను ఎంత కట్టేస్తుందో, మనల్నీ అంతే కట్టేస్తుంది. “రంగు నచ్చలేదు, వద్దు” అని ఆరు నెలల కష్టాన్ని తిప్పి పంపడం న్యాయం కాదు.

దేశ చట్టం చెప్పేదీ దాదాపు అదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వివరణ చెప్పి అమ్మిన వస్తువు ఆ వివరణకు సరిపోవాలి.

తేడా వస్తే?

ముందు మాట్లాడుకోవాలి. తీగల ఎత్తు, చిన్న శబ్దాల లాంటివి ఎక్కువగా సర్దుబాటుతోనే పోతాయి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి పోవాల్సిన పని లేదు, కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కొని అమ్మే వ్యాపారానికైతే ఈ చట్టం వర్తించదు. వాయించి సొంతంగా బతుకుదెరువు చూసుకునే అబ్బాయికి మాత్రం వర్తిస్తుంది.

చివరిగా ఒక మాట. నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టిన పిల్లలకు చేత్తో చేయించిన గిటార్ అక్కర్లేదు. కొన్ని వేలల్లో దొరికే మామూలు గిటార్‌తో రెండేళ్లు వాయించనివ్వాలి. మెడ ఎంత వెడల్పు కావాలో, ఏ తీగలు నప్పుతాయో అప్పటికి ఆ వేళ్లకే తెలుస్తుంది. ఆర్డర్ కాగితం మీద ఏం రాయాలో అబ్బాయి తానే చెప్పగలిగిన రోజున బయానా ఇస్తే ఆ పైసలకు అర్థం ఉంటుంది.