అలెగ్జాండరును గూర్చి ఏ గ్రంథములు చదువవలెను?



నేను పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా చరిత్ర చెప్పితిని. ఏటేట అలెగ్జాండరు పాఠము వచ్చినప్పుడు పోరసు రాజు ఘట్టమును మిక్కిలి ఆవేశముతో చెప్పుచుండెడివాడను. యుద్ధమున నోడిన రాజు తలవంపక, తన్ను రాజునకు దగినట్లు చూడుమని విజేతకు బదులు చెప్పుట ఎవరికి రుచింపదు? ఒక యేడు వెనుక బల్ల మీది బాలుడొకడు లేచి, “అయ్యా, ఆ మాట విన్నవారెవరు? వ్రాసినదెప్పుడు?” అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. తోచలేదని చెప్పుటకు నోరు రాక, కూర్చుండుమని కసరితిని. ఆ కసరు నేటికిని నన్ను బాధించుచున్నది. ఉద్యోగము విరమించిన పిమ్మట ఆ ప్రశ్నను పట్టుకొనియే ఈ గ్రంథములను చదువ మొదలిడితిని. ఇటీవల మా యూరి గ్రంథాలయము వారు ఈ విజేతను గూర్చి ఏ పుస్తకములు తెప్పింపదగునని యడుగగా చెప్పిన మాటలే మీకును విన్నవించుచున్నాను.

అలెగ్జాండరు క్రీ. పూ. 356లో మాసిడోనియా దేశపు పెల్లా నగరమున జన్మించెను. 334లో ఆసియా గడ్డపై కాలిడెను. 331లో గౌగమేల యుద్ధమున పారసీక చక్రవర్తి డెరయసు బలమును విరిచెను. 326లో మన వితస్తానదీ తీరమున పోరసుతో పోరాడి గెలిచెను. విపాశానది యొద్ద సేనలు ముందునకు రామని మొండికెత్తగా మరలిపోయి, 323లో బాబిలోనున మరణించెను. అప్పటికి ముప్పదిమూడేండ్లు నిండలేదు. అతడు చూచిన భారతము పంచనదము, సింధు ప్రాంతము మాత్రమే. కావున “భారతదేశమును జయించెను” అని మొదటి పుటలోనే చాటు పుస్తకము కనబడినచో దానిని అంగడిలోనే విడిచి రండు.

అతని వెంట నడచినవారు పలువురు గ్రంథములు వ్రాసిరి. అరిస్టాటిలు బంధువగు కాలిస్థెనీసు, సేనాని టాలమీ, అరిస్టొబ్యూలసు, నౌకాధిపతి నియార్కసు అందు ముఖ్యులు. వీరి గ్రంథములలో ఒక్కటియు సమగ్రముగా నిలువలేదు. మనకును లక్షణగ్రంథములలో ఉదాహరణములుగా మిగిలిన పద్యముల వలననే పేరు దక్కిన కావ్యములు గలవు గదా, ఇదియు అట్టిదే. నేడు మనకు లభించునవి ఐదుగురి రచనలు. వారిలో మొదటివాడగు డయొడోరసు సైతము అలెగ్జాండరు గతించిన రమారమి మూడు వందల యేండ్లకు వ్రాసినవాడు. ఆ బాలుని రెండవ ప్రశ్నకు ఇదియే బదులు.

ఈ ఐదుగురిలో మొదట చదువదగినవాడు అరియను. క్రీస్తు శకము రెండవ శతాబ్దివాడు. ఎపిక్టీటసు అను వేదాంతికి శిష్యుడు. హేడ్రియను చక్రవర్తి క్రింద కప్పడోకియా మండలము నేలి, సేనలను నడపినవాడు. యుద్ధమెరిగినవాడు గనుక ఏ దళము ఎచ్చట నిలిచెనో, నది నెట్లు దాటెనో అతని రచనలో స్పష్టముగా తెలియును. తాను టాలమీని, అరిస్టొబ్యూలసును నమ్మితినని మొదటనే చెప్పును. ఏలయన, వారు అలెగ్జాండరు చనిపోయిన పిదప వ్రాసిరి గనుక భయమును లాభమును లేవనియు, టాలమీ రాజైనాడు గనుక అబద్ధమాడుట అతనికి మరింత సిగ్గుచేటనియు! రాజులు అబద్ధమాడరను ఈ వాదమునకు నేను నవ్వుకొంటిని. టాలమీ ఈజిప్టును చేజిక్కించుకొని, తన యేలిక శవమును సైతము అచ్చటికి తరలించుకొనిపోయినవాడు. తన గొప్పయు తన ప్రతిస్పర్ధుల కొరతయు చూపుకొన అతనికి కారణములు గలవు. ఐనను అరియను నిజాయితీపరుడు. గట్టి ఆధారము లేని కథలను ‘అని చెప్పుదురు’ అనియే వ్రాయును. పోరసు ప్రత్యుత్తరమును వెదకి చూచితిని. అచ్చటను ‘చెప్పుదురు’ అనియే యున్నది. నేను ముప్పదియేండ్లు ఆ ఒక్క మాటను మింగి పాఠము చెప్పితిని.

రెండవవాడు ప్లూటార్కు. ఇతడు జూలియసు సీజరు చరిత్రకు జతగా అలెగ్జాండరు చరిత్ర వ్రాసెను. తాను వ్రాయునది జీవితమే గాని దండయాత్రల వృత్తాంతము గాదని ముందే ఒప్పుకొనును. కోపము, త్రాగుడు, దానము, పశ్చాత్తాపము, ఇట్టివి యెరుగుటకు ఇతనిని మించినవాడు లేడు. లాటినున వ్రాసిన కర్షియసు వాగ్ధాటి గలవాడు. అతని పది భాగములలో మొదటి రెండును నశించినవి. జస్టిను వ్రాసినది మరియొకరి గ్రంథమునకు సంక్షేపము, తొందర లేదు. మన దేశమునకు సంబంధించిన ఘట్టములను ఈ ఐదుగురి నుండియు ఏర్చి మెక్రిండిలు అను పండితుడు పందొమ్మిదవ శతాబ్ది చివర ఆంగ్లములో ఒకే సంపుటముగా కూర్చెను. ఆంగ్లము వచ్చిన మనుమలు చదివి చెప్పగా వినుటకు అంతకంటె అనువైనది నాకు కానరాదు.

ఇక నవీనుల సంగతి. టార్ను అను ఆంగ్లేయుడు 1948లో ప్రకటించిన గ్రంథమున అలెగ్జాండరు మానవులందరిని ఏకము చేయగోరిన మహాత్ముడు. పదేండ్లకు బేడియను అను చరిత్రకారుడు ఆధారములను ఒక్కొక్కటిగా విప్పి ఆ బొమ్మను పడగొట్టెను. 1973 నాటి రాబిన్ లేన్ ఫాక్సు గ్రంథము హాయిగా సాగును; నాయకునిపై ప్రేమ దాచుకొనదు. 1988లో వెలువడిన బాస్వర్తు గ్రంథము విజయమునకైన వ్రయమును లెక్కించును. ఈ రెంటిని కలిపి చదువుట మేలు.

పుస్తకము కొనుటకు ముందు నేను చేయు పరీక్ష యొకటి కలదు. మస్సగ అను పేరుగల పుట తెరచి చూతును. అది నేటి స్వాతు లోయ ప్రాంతపు కోట. అచ్చట కూలికి పోరాడు భారతీయ సైనికులు సంధి చేసికొని వెలువడిన పిమ్మట, వారిని చుట్టుముట్టి చంపించెను. వారు రాత్రివేళ పారిపోవ తలంచిరని అరియను సమర్థించును. ప్లూటార్కు మాత్రము, అలెగ్జాండరును ప్రేమించియు, ఇది అతని యుద్ధకీర్తికి మచ్చ యని చెప్పును. ఈ రెండు మాటలను పాఠకుని ముందుంచు పుస్తకము కొనదగినది. ఆ పేరే లేని పుస్తకమును నేను కొనను.

మన ప్రాచీన వాఙ్మయము ఇతని దండయాత్రను గూర్చి మౌనము వహించినది. కొందరు దీనికి చిన్నబుచ్చుకొందురు, కొందరు గర్వపడుదురు. నాకు రెండును తగవని తోచును. బాబిలోను జ్యోతిష్కులు మాత్రము అతడు చనిపోయిన దినమున మట్టిపలకపై రాజు మరణించెనని వ్రాసి, ఆకాశము మబ్బు పట్టినదని చేర్చిరి. ఆ పలక నేడు లండనునందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. ఇంత మంది పండితుల పుటలలో నాకు మిక్కిలి నమ్మదగినదిగా తోచిన వాక్యమది.

మా గ్రంథాలయము వారు అరియనును, ప్లూటార్కును, మెక్రిండిలును తెప్పించిరి. అరియను గ్రంథమున పోరసు ఘట్టము వచ్చు పుటలో నేనొక కాగితపు ముక్క నుంచితిని. ఆ బాలుడు నేడు పెద్దవాడై ఎచ్చట నున్నాడో తెలియదు. ఎన్నడైన ఊరికి వచ్చినచో చూపవలెనని.