గిన్నె ఎట్లుంటే రొట్టె అట్ల

లోకంలో అన్నిటికన్నా పొడవైన పిజ్జాగా గిన్నిస్ పుస్తకానికెక్కిన దాని కొలత 1,930.39 మీటర్లు. 2017 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫోంటానా పట్టణంలో దాన్ని కాల్చారు. ఆ పిజ్జా ఒక కొసను తెలంగాణలోని జైనూర్ నడిబొడ్డున పెడితే రెండో కొస ఊరు దాటి చేన్లలో తేలుతుంది. విస్తీర్ణంలో రికార్డు కూడా అదే రాష్ట్రానిది. 2023 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో చేసిన పిజ్జా 1,296.72 చదరపు మీటర్లు పరుచుకుంది, అంటే ఎకరంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. ఇక అన్నిటికన్నా దూరం పోయింది 2001 నాటి పిజ్జా. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది, రష్యా వ్యోమగామి యూరీ ఉసచోవ్ దాన్ని తిన్నాడు.

కొలతలు చదవడానికి బాగుంటాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునే వింత మాత్రం వేరే ఉంది. ఇటలీ దాటిన పిజ్జా ఏ ఊరికి పోతే ఆ ఊరి గిన్నెలో ఒదిగిపోయింది.

పుట్టినచోట దానికి కట్టుబాట్లు ఎక్కువ. 1984లో నేపుల్స్‌లో పెట్టుకున్న సంఘం లెక్క ప్రకారం అసలైన పిజ్జా అడ్డకొలత 35 సెంటీమీటర్లు మించకూడదు. కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. 2017లో యునెస్కో అక్కడి పిజ్జా చేసేవాళ్ల చేతిపనిని మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. అదే పిజ్జా 1940ల్లో షికాగోకు చేరి, అంచులు ఎత్తుగా ఉన్న లోతు పళ్లెంలో పడి రెండంగుళాల మందం అయింది. డెట్రాయిట్ కథ ఇంకా బాగుంటుంది. కార్ల ఫ్యాక్టరీల్లో విడిభాగాలు వేసుకునే నలుచదరపు ఇనుప ట్రేలు ఆ ఊరినిండా ఉండేవి. 1946లో ఒక హోటల్ వాళ్లు పిండిని వాటిలోనే పరిచి కాల్చారు. నలుచదరపు పిజ్జా, అంచుల వెంట కరకరలాడే జున్ను ఆ ఊరి గుర్తులయ్యాయి.

గిన్నెతోపాటు మీద వేసేవీ మారాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ తగాదా తెచ్చింది అనాసపండు పిజ్జా. పేరుకు హవాయి పిజ్జా గానీ పుట్టింది కెనడాలో. ఒంటారియో రాష్ట్రం చాథమ్ పట్టణంలో, గ్రీసు నుంచి వలస వచ్చిన సామ్ పనోపులోస్ 1962లో డబ్బాలోని అనాస ముక్కలు పిజ్జా మీద వేసి చూశాడు. 2017లో ఐస్‌లాండ్ అధ్యక్షుడు ఒక బడికి పోయి, తన చేతిలో ఉంటే దీన్ని నిషేధిస్తానని పిల్లలతో అన్నాడు. లోకమంతా గొడవ లేచింది. చివరికి తనకు ఆ అధికారం లేదని ఆయనే వివరణ ఇచ్చుకున్నాడు. స్వీడన్ వాళ్లు పిజ్జా మీద అరటిపండు, కర్రీ పొడి వేసుకుంటారు. పిజ్జా లాంటిదే అయిన లెబనాన్ వాళ్ల మనాకీష్ రొట్టె మీద జాతర్ ఆకు పొడి, నువ్వులు, నూనె ఉంటాయి. దానికి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇక మన దగ్గరికి వద్దాం. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ ఇళ్లల్లో చేసే సర్వపిండిని ఈమధ్య కొందరు 'తెలంగాణ పిజ్జా' అంటున్నారు. నాకు ఆ పేరు నచ్చదు. డెట్రాయిట్‌లో ట్రే చేసిన పని ఇక్కడ సర్వ అనే గిన్నె చేసింది, ఆ గిన్నె పేరే వంటకానికి వచ్చింది. కొన్నిచోట్ల దీన్నే గిన్నప్ప అంటారు, ఇంకొన్నిచోట్ల తపాల చెక్క అంటారు. ఏ పేరు చూసినా ముందు గిన్నే ఉంటుంది.

బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఎల్లిపాయ, ఉల్లాకు, కరివేపాకు కలిపి ముద్ద చేస్తారు. కొందరు ఆనిగెపుకాయ తురుము వేస్తారు, మెత్తగా వస్తుంది. బియ్యప్పిండికి గోధుమపిండి లాగా సాగే గుణం లేదు కాబట్టి దాన్ని గాలిలో తిప్పి వెడల్పు చేయలేం. నూనె రాసిన సర్వ అడుగున పెట్టి చేత్తోనే ఒత్తాలి. గిన్నె అడుగు గుండ్రం కాబట్టి పిండి అంచుల దాకా ఎక్కుతుంది. తర్వాత వేలితో బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేస్తారు. ఆ బొక్కల నుంచే నూనె అడుగుకు దిగుతుంది, ఆవిరి పైకి వస్తుంది. మూత పెడితే పైభాగం ఆ ఆవిరికే ఉడుకుతుంది. తిరగేసే పనే లేదు. కింద ఎర్రగా కరకరలాడుతుంది, మీద మెత్తగా ఉంటుంది.

కష్టమంతా రెండో సర్వపిండి చేసేటప్పుడే. కాలే గిన్నెలో చేత్తో పిండి ఒత్తలేం. అందుకే గిన్నెను నీళ్లతో చల్లార్చి మళ్లీ మొదలుపెట్టాలి, లేకుంటే రెండు మూడు గిన్నెలు పెట్టుకోవాలి. ఇంటినిండా మనుషులుంటే సర్వపిండి చేసే అమ్మ పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడుతుందో తిన్నవాళ్లందరికీ తెలుసు.

ఈ విషయంలో జైనూర్ ప్రాంతానికి ఒక విశేషం ఉంది. అక్కడ గోండులు, లంబాడీలు, మరాఠీ మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు పక్కపక్కనే బతుకుతారు. మరాఠీ వాళ్ల థాలీపీఠ్‌కూ చేత్తో ఒత్తడం, వేలితో బొక్కలు పెట్టడం, ఆ బొక్కల్లో నూనె వేయడం ఉన్నాయి. కాకపోతే అందులో జొన్న, శనగ లాంటి నాలుగైదు గింజలు వేయించి పట్టించిన పిండి వాడతారు. రెండు భాషల వాళ్లు ఒకే కిటుకు కనిపెట్టుకున్నారు. జొన్నరొట్టె అయితే అందరిదీ. తెలుగులో రొట్టె, మరాఠీలో భాకరి, లంబాడీల నోట బాటి. జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940ల్లో ఉండి గోండుల జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చూసింది కూడా జొన్న తిని బతికే ఊళ్లనే. ఇప్పుడు ఆ చేన్లలో పత్తి పెరిగింది, జొన్న తగ్గింది. అది నాకు దిగులే.

దీన్ని చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: సర్వపిండిని మీ ఊర్లో ఏమంటారు, ఏ గిన్నెలో చేసేవాళ్లు, పిండిలో ఏం కలిపేవాళ్లు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసి దాచిపెట్టండి.