పేరు లేని ముఖాలు

ఒంగోలుకు చేరువలోని మా మాదిగపల్లెలో ఒక ఇంటి గోడకు పాత పటం ఒకటి వేలాడుతోంది. మిషన్ బడి ముందు ఇరవై ముగ్గురు పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. పటం అడుగున బడి పేరు, పాదిరిగారి పేరు ఉన్నాయి. పిల్లల పేర్లు లేవు.

రెండేళ్లుగా ఆదివారాలు మేం ఏడెనిమిది మందిమి ఇంటింటికీ తిరిగి ఇటువంటి ఫొటోలకు నకళ్లు తీస్తున్నాం. ఏ ఫొటోనూ ఇల్లు దాటించం. అరుగు మీదే స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగి ఇస్తాం. అద్దానికి అంటుకుపోయినదాన్ని ఊడదీయం. పటంతో సహా నకలు తీస్తాం.

ఈ ప్రాంతంలో మా చదువుల చరిత్ర మిషన్‌తో ముడిపడినది. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలే. ఆ సంఖ్య పుస్తకాలకెక్కింది. ఆ మనుషులెవరో వారి మనుమలకే తెలియని స్థితి నేటికీ ఉంది.

కెమెరా మొదట మా వైపు తిరిగింది మమ్మల్ని గౌరవించడానికి కాదు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో శ్రామిక కులాలవారు చాలావరకు కులం పేరుతోనే అచ్చయ్యారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రకటించాడు. అక్కడ మనిషి ఒక నమూనా. నమూనాకు పేరు అక్కర్లేదు.

మా ఇళ్లలోని స్టూడియో ఫొటోలు దీనికి జవాబు. ఊరి పెద్దల ఎదుట మంచం మీద కూర్చునే వీలులేని మనిషి, పట్నం స్టూడియోలో కుర్చీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చేతి గడియారం ఎరువు తెచ్చుకున్నదే కావచ్చు. ఆ కూర్చున్న తీరు మాత్రం అతనిదే.

బడి ఫొటోను ఎనభై దాటిన ఒక అవ్వకు చూపాం. వేలితో తడుముతూ పదకొండు మందిని గుర్తుపట్టింది. ఒక పేరు ఓటర్ల జాబితాలో ‘గాడు’ చేర్చి ఉన్నట్టే మావాడు రాయబోతే ఆపింది. “ఊరోళ్లు పిలిచినట్టు రాయబాక నాయనా, పేరు నిండుగా రాయి” అంది.

మరో ఇంట్లో, తాత చచ్చిన గొడ్డును లాగుతున్న ఫొటో చూపారు. నకలుకు మాత్రం ఒప్పుకోలేదు. “పిల్ల కాలేజీలో చదువుతోంది, వద్దు” అన్నారు. ఇది కూడా చరిత్రే కదా అని మాలో ఒకరు గట్టిగా వాదించారు. నిజమే, చరిత్రే. కానీ ఇంటివారు వద్దన్నది తీసుకుంటే మాకూ, కొలతబద్దతో వచ్చినవాడికీ తేడా ఏముంటుంది? ఆ ఫొటో వారి పెట్టెలోనే ఉంది. ఎప్పుడు బయటపెట్టాలో వారే నిర్ణయించుకుంటారు.

దళిత చరిత్ర రాయాలనుకునేవారికి నా విన్నపం ఒక్కటే. ఫొటోకు చెదపట్టినా నకలు మిగలవచ్చు. పేరు తెలిసిన మనిషి పోతే దానికి నకలు లేదు. ముందు మీ వాడలోని పెద్దల దగ్గర కూర్చోండి. మా బడి ఫొటోలో ఇంకా పన్నెండు మంది పేర్లు తెలియాలి. గుర్తుపట్టగలవారు పల్లెలో ముగ్గురే మిగిలారు.