మగ్గం గుంతలోంచి లేచిన కాళ్ళు

ధర్మవరం పట్టుచీర పేరు వినని తెలుగువారుండరు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్ట సీమ ఇది. చేను ఎండినా మగ్గం ఆడుతుందన్న ధైర్యంతో బతికిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో! కానీ గట్టి వాన కురిస్తే నీరు గుంతలోకి ఊరి మగ్గమే ఆగిపోతుంది. కరువు సీమలో వానకు భయపడేవాళ్ళు వీళ్ళే కాబోలు.

ఆ గుంత ఎందుకు? నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, కింది చెక్కలను తొక్కుతాడు. పడుగు విడుతుంది, నాడె పేకను లాక్కుంటూ దూసుకుపోతుంది. కూలి చీరకింత అని కనుక, లేచినంతసేపూ సంపాదన ఆగినట్టే. అందుకే గంటల తరబడి లేవడు. తీరా లేచాక మొదటి నాలుగడుగులూ చూడండి: నడుము కాస్త వంగి ఉంటుంది, అడుగులు పొట్టిగా పడతాయి.

“కాళ్ళు రోజంతా ఆడుతూనే ఉన్నాయి కదా, ఎందుకు బిగుసుకున్నాయి?” అని మీరడగవచ్చు. ఆడినవి మోకాళ్ళూ చీలమండలూ. తుంటి కీలు మాత్రం వంగినది వంగినట్టే ఉంది. వెన్నెముక కింది భాగం నుంచి, కటి ఎముక నుంచి తొడ ఎముకకు ఇలియోసోయాస్ అనే బలమైన కండరం సాగుతుంది. కూర్చున్నప్పుడు అది కురచగా ఉంటుంది. నడకలో వెనక కాలు నేలను వదిలేముందు తొడ సుమారు 10 డిగ్రీలు వెనక్కి పోవాలి. ఈ కండరం సాగకపోతే అడుగైనా కురచవుతుంది, లేదా ఆ లోటు తీర్చడానికి నడుమైనా లోపలికి వంగుతుంది. నడుంనొప్పికి అదీ ఒక దారి.

లేవగానే ఉండే బిగువు కొంత త్వరగానే పోతుంది. తోడుకున్న పెరుగును కవ్వంతో కదిపితే పలచబడదూ! కదలని కండరంలో ఆక్టిన్, మయోసిన్ పోగుల మధ్య కొన్ని వంతెనలు అతుక్కుని ఉంటాయి. నాలుగడుగులు వేస్తే అవి విడిపోతాయి.

నెలల తరబడి సాగే మార్పు వేరు. కండరపు పోగులో సార్కోమియర్లనే సూక్ష్మ ఖండాలు గొలుసులా వరుసగా ఉంటాయి. 1972లో తబారీ, గోల్డ్‌స్పింక్ మొదలైన శాస్త్రజ్ఞులు పిల్లుల పిక్క కండరాన్ని కురచ స్థితిలో ఉంచి కాలికి కట్టు వేశారు. నాలుగు వారాలకు గొలుసులో 40 శాతం ఖండాలు తగ్గాయి! కట్టు విప్పాక మరో నాలుగు వారాల్లో మళ్ళీ మామూలయ్యాయి. 1990లో విలియమ్స్ ఎలుకల మీద ఇలాంటి పరీక్షే చేశారు. కట్టులో ఉన్న కండరాన్ని రోజుకు అరగంట సాగదీస్తే ఖండాలు తగ్గలేదు. నేతగాడి కాలికి కట్టు లేదు, ఇంటికి నడిచే వెళతాడు. కనుక నష్టం అంత ఉండదు. అయినా కండరం తానున్న భంగిమకు తగ్గట్టు తనను మార్చుకుంటుందన్న సంగతి మాత్రం స్పష్టం. బడి బెంచీ మీద కూర్చునే మీకూ ఇది వర్తిస్తుంది.

ఒక చిన్న పరీక్ష చేద్దాం. గట్టి బల్ల అంచున వెల్లకిలా పడుకుని, ఒక మోకాలిని రెండు చేతులతో రొమ్ముకు లాక్కోండి. రెండో తొడ బల్లకు ఆని ఉంటే మంచిదే. పైకి లేస్తే ఆ తుంటి ముందు కండరం బిగిసిందన్నమాట.

దాన్ని సాగదీయటం తేలికే. ఒక మోకాలు నేలకు ఆన్చి, రెండో పాదం ముందుకు వేసి, నడుము లోపలికి వంచకుండా తుంటిని మెల్లగా ముందుకు జరపండి. 30 సెకన్లు ఉండి, కాలు మార్చండి. ఇలా రెండు మూడుసార్లు. లాగినట్టుండాలి కానీ నొప్పి పుట్టకూడదు. మొదటి రోజుల్లో తేడా కనిపిస్తే కండరం పొడవు పెరిగిందనుకోకండి. ఆ లాగుడును ఓర్చుకోవటం నాడులకు అలవాటవుతుంది, అంతే. గట్టి మార్పుకు వారాలు పడుతుంది. మీ ఇంట్లో మగ్గం ఉంటే, నాడెలో కండె అయిపోయినప్పుడల్లా కాకపోయినా, నాలుగైదు కండెలకొకసారి నాన్నను గుంతలోంచి పైకి రమ్మనండి. పక్కనే మీరూ మోకాలు ఆన్చి చూపించండి.